లైటుకు తగ్గ డ్రైవరు

ఎల్‌ఈడీ లైటు ఆరిపోతే మనం లైటు పోయిందనుకుంటాం. విప్పి చూస్తే చాలాసార్లు చిప్పులన్నీ బాగానే ఉంటాయి, పోయేది దాని వెనకున్న డ్రైవరు. కాకినాడలో ఫాల్స్ సీలింగు చేయించుకున్న ఇళ్లలోనూ, దేవుడి గదిలో స్ట్రిప్ లైటు అతికించుకున్న ఇళ్లలోనూ, వంటగట్టు మీద, చేపల తొట్టి మీద, మేడపై మొక్కల దగ్గర సొంతంగా లైట్లు అమర్చుకున్న ఇళ్లలోనూ ఇదే కథ. లైట్ల మీద పెట్టే శ్రద్ధలో సగం డ్రైవరు మీద పెడితే ఆ లైట్లు ఏళ్ల తరబడి వెలుగుతాయి. ఏ లైటుకు ఏ డ్రైవరు అన్న ప్రశ్నకు షాపులో ఒక జవాబు, ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక జవాబు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడి దగ్గర ఇంకో జవాబు వినిపిస్తాయి. వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడడమే ఈ వ్యాసం పని.

ఈ అయోమయానికి కారణం కొంత మన ఎల్‌ఈడీ చరిత్రలోనే ఉంది. దేశంలో ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బు చేరిన తొలి చోట్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2014 అక్టోబరులో గుంటూరు జిల్లాలో మొదలైన పంపిణీ మొదటి విడతలోనే పశ్చిమగోదావరికీ వచ్చింది. పాత ఫిలమెంటు బల్బు ఇచ్చి, పది రూపాయలు కట్టి కొత్త బల్బు తెచ్చుకున్నాం. 2015 జనవరిలో కేంద్రం దాన్ని దేశమంతటికీ విస్తరించింది, తర్వాత అది ఉజాలా పేరుతో స్థిరపడింది. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొనేది, మూడేళ్లు తిరక్కుండానే ఆ ధర 40 రూపాయల లోపుకు దిగింది. అదే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను దెబ్బతీశాక, అక్కడి వీధిదీపాలను 90 వేలకు పైగా ఎల్‌ఈడీలుగా మార్చారు. ఇంత వేగంగా వచ్చిన మార్పులో మన చేతికి అందింది మాత్రం హోల్డరుకు బిగించే బల్బు. దాని అడుగున తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలో డ్రైవరు దాక్కుని ఉంటుంది. లైటుకు తగ్గ డ్రైవరును కంపెనీయే జతచేసి పంపింది కాబట్టి దాని గురించి ఆలోచించే అవసరం మనకు రాలేదు. స్ట్రిప్పులు, ప్రొఫైల్ లైట్లు, విడి చిప్పులు కొని సొంతంగా అమర్చుకోవడం మొదలెట్టాక ఆ జతచేసే బాధ్యత మన మీద పడింది.

మూలంలో ఉన్న సంగతి ఒకటే. పాత ఫిలమెంటు బల్బుకు ఓల్టేజీ కొంచెం పెరిగితే కరెంటూ కొంచెమే పెరిగేది. ఎల్‌ఈడీ అలా కాదు. ఒక తెల్ల ఎల్‌ఈడీ చిప్పు మీద సుమారు 3 ఓల్టులు పడుతుంది. ఆ గీత దాటాక ఓల్టేజీలో చిన్న మార్పుకే కరెంటు ఎగబాకుతుంది. పైగా చిప్పు వేడెక్కేకొద్దీ దానికి కావలసిన ఓల్టేజీ తగ్గుతుంది, డిగ్రీకి 2 నుంచి 4 మిల్లీ ఓల్టుల వరకు. అంటే అదే ఓల్టేజీ పెట్టి వదిలేస్తే వేడెక్కిన కొద్దీ మరింత కరెంటు లాగుతుంది, లాగిన కొద్దీ మరింత వేడెక్కుతుంది, చివరికి మాడిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు కరెంటును పట్టి ఉంచాలి. ఆ పని డ్రైవరే చేస్తే అది స్థిర కరెంటు డ్రైవరు. లైటులోనే రెసిస్టర్లు పెట్టి వాటితో చేయిస్తే బయటినుంచి స్థిర ఓల్టేజీ ఇచ్చే డ్రైవరు చాలు. ఈ రెండు జాతులను కలిపేయడం వల్లే ఎక్కువ లైట్లు మాడుతున్నాయి.

మొదటి జాతి డౌన్‌లైట్లు, ప్యానెల్ లైట్లు, విడిగా దొరికే ఒక వాట్ చిప్పులు, ఒకే పలక మీద చాలా చిప్పులు కూర్చిన సీఓబీలు. వీటి డ్రైవరు చిన్న తెల్ల డబ్బాలా ఉంటుంది. షాపులో జరిగే మాట ఇలా ఉంటుంది.

"బాబూ, ప్యానెల్ లైటు డ్రైవరు పోయింది. పదిహేను వాట్లది ఒకటి ఇవ్వు."

"ఎన్ని మిల్లీ యాంప్సండీ? పాతది తెచ్చారా?"

అలా ఎదురడిగే షాపువాడు దొరికితే వదులుకోకండి. వాట్లు కలిస్తే చాలన్నది మన ఊళ్లో బాగా పాతుకుపోయిన అభిప్రాయం, కానీ అది నిలవదు. 300 మిల్లీ ఆంపియర్ల దగ్గర 50 ఓల్టులు ఇచ్చే డ్రైవరు 15 వాట్లదే. 450 మిల్లీ ఆంపియర్ల దగ్గర 33 ఓల్టులు ఇచ్చేది కూడా దాదాపు 15 వాట్లదే. మొదటిదానికి సరిపడే లైటును రెండోదానికి తగిలిస్తే డబ్బా మీద వాట్లు కలుస్తాయి, లైటు మాత్రం వెలగదు, లేదా మిణుకు మిణుకుమంటుంది, ఎందుకంటే దానికి కావలసిన 50 ఓల్టులకు ఈ డ్రైవరు అందుకోలేదు.

ఒక డ్రైవరు లేబులును దగ్గరగా చదువుదాం. మార్కెట్లో విరివిగా కనిపించే రకం. ఇన్‌పుట్: ఏసీ 100–265 ఓల్టులు. అవుట్‌పుట్: డీసీ 24–42 ఓల్టులు, 300 మిల్లీ ఆంపియర్లు. పక్కన 8–12×1 వాట్ అని ఉంటుంది. దీనర్థం, ఒక వాట్ చిప్పులను వరుసగా, అంటే సిరీస్‌లో, 8 నుంచి 12 వరకు కలిపిన లైటుకు ఇది సరిపోతుంది. చిప్పుకు 3 ఓల్టుల చొప్పున 8 చిప్పులకు 24. చిప్పుకు మూడున్నర దాకా తీసుకున్నా 12 చిప్పులకు 42. ఆ పరిధిలో ఎక్కడున్నా డ్రైవరు 300 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కరెంటును నిలబెడుతుంది, ఓల్టేజీని తనే సర్దుకుంటుంది. ఇదే డ్రైవరుకు 6 చిప్పుల లైటు తగిలిస్తే 18 ఓల్టులే కావాలి, పరిధి కిందికి పోయింది. కొన్ని డ్రైవర్లు ఆగుతూ వెలుగుతూ ఉంటాయి, నాసిరకం వాటిలో కరెంటు అదుపు తప్పుతుంది. 16 చిప్పులు పెడితే అసలు వెలగకపోవచ్చు.

కాబట్టి ఇక్కడ వరస ఇదీ: ముందు మిల్లీ ఆంపియర్లు, తర్వాత ఓల్టేజీ పరిధి, వాట్లు చివర. మిల్లీ ఆంపియర్లు కచ్చితంగా కలిసేది దొరక్కపోతే తక్కువ వైపుకు వెళ్లడం క్షేమం. 300 లైటుకు 240 డ్రైవరు పెడితే వెలుతురు కాస్త తగ్గుతుంది, చిప్పు చల్లగా ఉండి ఎక్కువకాలం నిలుస్తుంది. 300 లైటుకు 450 పెడితే మొదటి రోజు ఇల్లు తళతళలాడుతుంది. చిప్పులోకి ఒకటిన్నర రెట్ల కరెంటు పోతోందని ఆ రోజు తెలియదు.

ఒకే స్థిర కరెంటు డ్రైవరుకు రెండు మూడు లైట్లను పక్కపక్కన, అంటే పారలల్‌గా, కలపవచ్చా అని చాలామంది అడుగుతారు. కలిపితే వెలుగుతాయి. కానీ కరెంటు సమానంగా పంచుకోదు. ఏ వరుసకు ఓల్టేజీ కాస్త తక్కువ చాలో అది ఎక్కువ మింగుతుంది. ఒక వరుస తెగిపోయిందంటే దాని వాటా కూడా మిగిలిన వాటి మీదే పడుతుంది, ఒకదాని వెనుక ఒకటి పోతాయి. సొంతంగా చేసుకునేవాళ్లు ఒక వరుసకు ఒక డ్రైవరు పద్ధతికే కట్టుబడాలి. ఇంకో జాగ్రత్త చెప్పేవాళ్లు తక్కువ. స్విచ్ వేసి ఉండగా ఈ డ్రైవరు చివర లైటు తగిలించకూడదు. లైటు లేనప్పుడు డ్రైవరు తన గరిష్ఠ ఓల్టేజీకి ఎగబాకి, లోపలి కెపాసిటరును నింపుకుని కూర్చుంటుంది. తగిలించిన క్షణంలో అదంతా చిప్పుల్లోకి దూకుతుంది. కొత్త లైటు పెట్టగానే టప్పుమని పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే.

రెండో జాతి స్ట్రిప్ లైట్లు. సొంతంగా చేసుకునేవాళ్లకు నా ఓటు వీటికే. 12 ఓల్టుల స్ట్రిప్పులో మూడేసి చిప్పులకు ఒక రెసిస్టరు, 24 ఓల్టులదానిలో సాధారణంగా ఆరేడు చిప్పులకు ఒకటి ఉంటాయి. కత్తెర గుర్తు దగ్గర కోసినా మిగిలిన ముక్క అలాగే పనిచేయడం అందువల్లే. ఇక్కడ కలవాల్సింది ఓల్టేజీ. ఆంపియర్లు ఎక్కువున్న డ్రైవరు పెడితే స్ట్రిప్పు మాడిపోతుందన్న భయం చాలామందిలో ఉంది, అది నిజం కాదు. ఓల్టేజీ సరిగ్గా ఉంటే స్ట్రిప్పు తనకు కావలసినంతే లాగుతుంది. పెద్ద డ్రైవరుతో అసలు ప్రమాదం వేరు: వైరు ఎక్కడైనా షార్టయితే అది పెద్ద కరెంటు పోయగలదు. ఒక్కో స్ట్రిప్పుకు ఒక చిన్న ఫ్యూజు పెడితే ఆ చిక్కు తీరుతుంది.

ఎంత పెద్దది కావాలి? మీటరుకు 60 చిప్పులుండే 5050 రకం స్ట్రిప్పు మీటరుకు 14.4 వాట్లు తీసుకుంటుంది. అయిదు మీటర్లకు 72 వాట్లు, అంటే 12 ఓల్టుల దగ్గర 6 ఆంపియర్లు. 72 వాట్ల లైటుకు 75 వాట్ల డ్రైవరు పెడితే కాగితం మీద సరిపోయినట్టే. కానీ డ్రైవరును దాని శక్తిలో 80 శాతం మించి నడపకూడదన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క, దాని ప్రకారం కనీసం 90 ఉండాలి, షాపులో దొరికేది 100 వాట్లది. కాకినాడలో ఈ మిగులు శక్తి ఇంకా అవసరం. స్ట్రిప్పులకు స్థిర ఓల్టేజీ డ్రైవర్లుగా వాడే చాలా ఎస్‌ఎంపీఎస్‌ల వివరపత్రాల్లో చుట్టూ వేడి 50 డిగ్రీలు దాటాక భారం తగ్గించమని రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం డాబా శ్లాబుకూ ఫాల్స్ సీలింగుకూ మధ్య ఇరుకులో, గాలాడని చోట, తన వేడి తాను కక్కుకుంటున్న డబ్బా చుట్టూ 50 డిగ్రీలు కావడం పెద్ద విషయమేమీ కాదు.

12 ఓల్టులా 24 ఓల్టులా అన్నది ఇంకో వాదన. 12 ఓల్టుల సరుకు ప్రతి షాపులో ఉంటుంది, ధర తక్కువ. దాని బలహీనత వైర్లలో బయటపడుతుంది. ఇళ్లలో లైట్లకు వేసే ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 18 మిల్లీ ఓములు. డ్రైవరు నుంచి స్ట్రిప్పుకు పది మీటర్ల దూరం ఉంటే పోవడానికీ రావడానికీ కలిపి ఇరవై మీటర్లు, 0.36 ఓములు. 6 ఆంపియర్లు పారితే దారిలోనే 2 ఓల్టులకు పైగా పోతుంది. నిజానికి ఓల్టేజీ తగ్గాక కరెంటూ కొంత తగ్గుతుంది కాబట్టి మల్టీమీటరులో అంత లోటు కనబడకపోవచ్చు, కానీ వెలుతురు పోతుంది. అదే 72 వాట్లు 24 ఓల్టుల మీద అయితే 3 ఆంపియర్లే. పోయేది ఒక ఓల్టు, 24లో అది అయిదు శాతం కూడా కాదు. రంగులు మారే స్ట్రిప్పుల్లో ఇది కంటికే తెలుస్తుంది: దూరపు చివర నీలం, ఆకుపచ్చ చిప్పులు ముందు నీరసిస్తాయి, తెల్లగా ఉండాల్సిన వెలుతురు ఎర్రబారుతుంది.

ఈ లోటు పూడ్చడానికి కొందరు చిల్లుల లోహపు డబ్బాలో వచ్చే జాలీ ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే చిన్న స్క్రూ తిప్పి ఓల్టేజీ పెంచుతారు. దూరపు చివర బాగుపడినట్టు కనిపిస్తుంది, దగ్గరి చివర చిప్పులు మాత్రం పెరిగిన ఓల్టేజీ మొత్తాన్ని భరిస్తాయి. సరైన మార్గం లావు వైరు వేయడం, స్ట్రిప్పుకు రెండు చివరలా సప్లయి ఇవ్వడం, లేదా 24 ఓల్టులకు మారడం. అయిదు మీటర్లు దాటే ఏ పనికైనా 24 ఓల్టులే మేలని గట్టిగా చెబుతాను.

డెల్టాలో బ్యాటరీ మీద లైట్లు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చెరువు గట్టున కాపలా పాక, సోలారు పెట్టుకున్న ఇల్లు, పడవ, అన్నిచోట్లా 12 ఓల్టుల బ్యాటరీయే. పేరుకే 12. చార్జింగులో ఉన్నప్పుడు 14.4 దాకా వెళ్తుంది. 12 ఓల్టుల స్ట్రిప్పులో మూడు చిప్పులు 9.3 ఓల్టులు తీసుకుంటే రెసిస్టరు మీద 2.7 మిగులుతుంది, కరెంటును నిర్ణయించేది ఆ 2.7. సప్లయి 14.4 అయితే రెసిస్టరు మీద 4.8 వరకు పడుతుంది, కరెంటు ముప్పాతిక వంతు పైగా పెరుగుతుంది. బ్యాటరీకీ స్ట్రిప్పుకూ మధ్య ఓల్టేజీని 12 దగ్గర నిలిపే కన్వర్టరు లేకపోతే ఆ స్ట్రిప్పు త్వరలోనే పసుపు తిరిగి నల్లబడుతుంది.

ఇక ఉప్పు గాలి, కరెంటు తీరు. ఈ రెండింటి గురించి కంపెనీ కాగితాల్లో ఒకటి రెండు మాటలే ఉంటాయి, మన ఊళ్లో డ్రైవరు ఆయుష్షును తేల్చేవి మాత్రం అవే. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి జాలీ డబ్బాలోకి వెళ్లి బోర్డు మీద పచ్చటి చిలుము పట్టిస్తాయి. మేడ మీద, ప్రహరీ మీద, బాల్కనీలో పెట్టేవాటికి లోపలంతా పూత పోసి మూసిన, ఐపీ 67 రకం అల్యూమినియం డ్రైవరే వాడాలి. అది కూడా అతుకుల దగ్గర దెబ్బతింటుంది. వైరు జాయింటుకు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే ఒక్క వానాకాలం చాలు. జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం గానీ, తేమ చొరబడని కనెక్టరు గానీ వాడాలి. సిలికాన్ పూసేవాళ్లు డబ్బా వాసన చూడండి: వినెగరు వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

లో ఓల్టేజీతో మంచి డ్రైవరుకు పెద్ద ఇబ్బంది లేదు, 100 ఓల్టుల దగ్గర కూడా పనిచేసేలా చేస్తారు. చంపేది హై ఓల్టేజీ. తుపాను గాలికి స్తంభం మీద న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్లకు 230కి బదులు 400 ఓల్టుల దాకా రావచ్చు. పిడుగు పడినప్పుడు వచ్చే పోటు వేరు. ఆరుబయట లైట్లకు 440 ఓల్టుల రక్షణ, కనీసం 4 కిలోఓల్టుల సర్జ్ రక్షణ రాసి ఉన్న డ్రైవరు తీసుకోవడం, ఇంటి మెయిను దగ్గర సర్జ్ ప్రొటెక్టరు, ఓల్టేజీ హద్దు దాటితే కట్ చేసే పరికరం పెట్టించడం ఖర్చే అయినా మన తీరానికి తప్పనిసరి. విడి డ్రైవరు లేకుండా నేరుగా 230 మీద నడిచే డీఓబీ ఫ్లడ్ లైట్లు చవకగా వస్తున్నాయి. పెట్టడం తేలిక, మధ్యలో ఏదీ జతచేసే పని లేదు. కానీ పోటు నేరుగా చిప్పుల బోర్డుకే తగులుతుంది, పోతే లైటు మొత్తం పోతుంది. విడి డ్రైవరు ఉంటే పోయేది డ్రైవరు మాత్రమే, అది మార్చుకోవచ్చు. ఈ ఒక్క కారణానికే విడి డ్రైవరు పక్షాన ఉంటాను.

భద్రత దగ్గర మాత్రం బేరం వద్దు. డ్రైవర్లలో ఐసొలేటెడ్, నాన్ ఐసొలేటెడ్ అని రెండు రకాలు. మొదటిదానిలో ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో ఉండి ఇంటి కరెంటునూ లైటు వైపునూ విడదీస్తుంది. రెండోదానిలో ఆ విభజన లేదు. అవుట్‌పుట్ 36 ఓల్టులే అని రాసి ఉన్నా, ఆ వైరు తాకినవాడికి ఇంటి ఫేజే తగలవచ్చు. తడిచేతులతో తిరిగే వంటగట్టు, అభిషేకం నీళ్లు చిందే దేవుడి గది, చేపల తొట్టి, వీటి దగ్గర ఐసొలేటెడ్ తప్ప మరోటి పెట్టకూడదు. పెళ్లి పందిళ్లకు, చవితి మండపాలకు చుట్టే 230 ఓల్టుల రోప్ లైటు చేతికందే చోట ఇంట్లో అసలు వద్దు. దాని ప్లగ్గులో ఉండేది రెక్టిఫయరే, డ్రైవరు కాదు. లోహపు ప్రొఫైల్ వాడితే దాన్ని ఎర్తింగ్‌కు కలపాలి, బోర్డులో కరెంటు లీకైతే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎల్‌ఈడీ డ్రైవర్లు బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ కింద ఉన్నాయి, ప్రమాణం ఐఎస్ 15885 రెండో భాగం, 13వ విభాగం. డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో షాపులోనే తెలిసిపోతుంది.

డిమ్మరు గురించి ఒక్క మాట చాలు: పాత ఫ్యాను రెగ్యులేటరుతో ఎల్‌ఈడీని తగ్గించాలని చూడకండి. స్ట్రిప్పుకైతే డ్రైవరుకూ స్ట్రిప్పుకూ మధ్య పెట్టే డీసీ డిమ్మరు, డౌన్‌లైటుకైతే డిమ్మబుల్ అని రాసిన డ్రైవరు, అంతే. పిల్లలు చదువుకునే చోట మాత్రం మొబైల్ కెమెరాలో లైటును ఒకసారి చూడండి. తెర మీద నల్లటి చారలు కదులుతూ కనిపిస్తే ఆ డ్రైవరు వెలుతురును గట్టిగా వణికిస్తోందన్నమాట. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసి డ్రైవరులో ఆ వణుకు సెకనుకు వందసార్లు. కంటికి కనబడకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది.

ఇల్లంతటికీ ఒక పెద్ద డ్రైవరా, చోటుకొక చిన్నదా? ఒకటే పెడితే ఖర్చు తక్కువ, కానీ అది పోయిన రోజు ఇల్లంతా చీకటి, వైర్లు పొడవై ఓల్టేజీ నష్టం ఎక్కువ. గదికొకటి పెట్టడమే మెరుగు. అయితే పది డ్రైవర్లను ఒకే స్విచ్చు కింద పెట్టవద్దు. ఆన్ చేసిన క్షణంలో వాటి కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా కరెంటు గుంజి స్విచ్చు కాంటాక్టులను కాలుస్తాయి, ఎంసీబీ కూడా దిగిపోవచ్చు.

డ్రైవరు లోపల ముందుగా ముసలిదయ్యేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు. దాని వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ ఒప్పుకునే లెక్క. డ్రైవరును ఫాల్స్ సీలింగు లోపల జిప్సం పలక మీద పడేసి మూసేయడం మన దగ్గర మామూలైపోయింది. దాన్ని అటక మీదో, బీరువా పైనో, గాలి ఆడే చిన్న లోహపు పెట్టెలోనో పెడితే అదే సరుకు చాలాకాలం పనిచేస్తుంది. వైరు పొడవు పెరుగుతుందనుకుంటే 24 ఓల్టులు ఆ లోటు భరిస్తుంది.

ఇంట్లో సొంతంగా లైట్లు పెట్టుకోదలచినవాళ్లకు నేను చెప్పేది ఇదీ: 24 ఓల్టుల స్ట్రిప్పు, దాని వాట్లకు పాతిక శాతం పైన ఉండే ఐసొలేటెడ్ డ్రైవరు, దాన్ని పెట్టడానికి చేయి అందే చోటు. డౌన్‌లైట్లు పెట్టుకుంటే డ్రైవరును లైటుతోపాటే, అదే కంపెనీది, కొనుక్కుని ఒకటి అదనంగా దాచుకోండి. సీలింగు మూసేముందు ప్రతి డ్రైవరు లేబులునూ ఫోనులో ఫొటో తీసి, అది ఏ గదిదో పేరు పెట్టి ఉంచండి. రేపు షాపులో ఎన్ని మిల్లీ యాంప్సండీ అని అడిగితే ఆ ఫొటో చూపిస్తే సరిపోతుంది.